జీడినూనె పెట్టిన రెప్ప

ఇది నేను ఎప్పుడో రాయవలసింది. రాయలేకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. మా నాన్న కొబ్బరితోటకి ఎదురుగానే బడి ఉండేది. మా అన్నదమ్ములు రోడ్డు దాటి బడిలోకి వెళ్ళేవాళ్ళు. నేను తోటలో రాలిన మట్టలు ఈడ్చేదాన్ని. పెళ్ళయి, పిల్ల పుట్టి, ఆ పిల్లకీ పెళ్ళయ్యాక మహిళా సంఘంలో నాకు సంతకం నేర్పారు. సంతకం వచ్చాక నా పేరులో ఉన్న అక్షరాలే ఎందుకు, మిగతావి ఏం పాపం చేశాయి అనిపించింది. మా వీధిలో ఇంటరు చదివే అమ్మాయి దగ్గర సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాను. అప్పటికి నాకు యాభై దాటాయి.

అక్షరాలు వచ్చాక కూడా రాయలేదు. నేను రాసేది నా కూతురి అత్తవారింటి గురించి. నేను రాసుకుని ఊరుకుంటాను, ఆ ఇంట్లో అన్నం తినవలసింది నా కూతురు. ఇప్పుడు ఆ సంగతి అందరి నోళ్ళలోనూ పడింది. దాచి కాపాడేదేమీ లేదు కాబట్టి రాస్తున్నాను.

నా కూతురు పురిటికి మా ఇంటికే వచ్చింది. మాది ఉద్దానంలో సముద్రం హోరు వినిపించే ఊరు. ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పుడు పిల్ల రెప్ప మీద ఏమీ లేదు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత చాలామంది అది పుట్టుకతోనే ఉందన్నారు. నెల నిండకముందు ఒకరోజు స్నానం పోస్తుంటే ఎడమకంటి పైరెప్ప మీద ఎర్రటి చుక్క కనబడింది. చీమ కుట్టిందనుకున్నాను. ఉయ్యాల గుడ్డ దులిపి, ఎండలో వేసి, తాళ్ళకి పసుపు రాశాను. చుక్క పోలేదు. బియ్యపుగింజంత అయింది, తర్వాత కందిగింజంత అయింది. పిల్ల ఏడిస్తే ముదురు ఎరుపెక్కి ఉబ్బేది. నిద్రపోతే కొంచెం మెత్తబడేది. చూస్తుండగానే కుడికన్ను తెరుచుకున్నంతగా ఎడమకన్ను తెరుచుకోవడం మానేసింది.

"అమ్మా, దీని కన్ను సిన్నదైపోతన్నాది" అంది నా కూతురు.

మరునాడే ఆటో మాట్లాడుకుని టెక్కలిలో కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ రెప్ప మీద వేలితో మెల్లగా నొక్కింది. ఎరుపు పోయి పాలిపోయింది. వేలు తీయగానే మళ్ళీ ఎర్రగా నిండింది. పిల్ల బట్టలు విప్పించి ఒంటిమీద ఇంకెక్కడైనా ఇలాంటివి ఉన్నాయేమో వెతికింది. తర్వాత తన అరచేత్తో పిల్ల ఎడమకన్ను మూసి ఒక లైటు చూపించింది. పిల్ల లైటు వంక చూస్తూ ఊరుకుంది. కుడికన్ను మూసింది. పిల్ల తల విదిలించి గుక్కపెట్టి ఏడ్చింది.

"చూశారా, మంచికన్ను మూస్తే ఏడుస్తోంది. రెండో కంటికి రెప్ప అడ్డం వచ్చేసింది" అంది.

అప్పుడు విడమరిచి చెప్పింది. ఇది రక్తనాళాల గడ్డ. కురుపు కాదు, చీము లేదు, కాన్సరు కాదు. చంటిపిల్లలకి వస్తుంటుంది. కొన్ని నెలలపాటు పెరుగుతుంది, తర్వాత కొన్నేళ్ళలో దానంతటదే తగ్గిపోతుంది. "వీపు మీద ఉంటే నేను ముట్టుకోను కూడా ముట్టుకోను. రెప్ప మీద ఉంది కాబట్టి చెప్తున్నాను. కన్ను చూడటం నేర్చుకునే వయసు ఇది. ఇప్పుడు మూసుకుపోతే, రేపు గడ్డ పోయినా ఆ కన్ను చూడదు" అంది. మందు ఉందని చెప్పింది. గుండెజబ్బువాళ్ళకి వాడే మందే, పసిపిల్లలకి తగ్గ కొలతలో సిరప్‌గా ఇస్తారట. మొదట్లో ఆసుపత్రిలోనే ఉంచి గుండె ఎలా కొట్టుకుంటోందో, ఒంట్లో చక్కెర పడిపోతోందేమో చూస్తూ ఇవ్వాలి. ఇంటికి వచ్చాక కూడా కడుపునిండా పాలు పట్టకుండా వేయకూడదు. ఆలస్యం చేయకుండా విశాఖపట్నం వెళ్ళమంది.

కూతురు అల్లుడికి ఫోన్ చేసింది. అల్లుడు తల్లిదండ్రులకి చెప్పాడు. సాయంత్రానికి వియ్యంకుడూ వియ్యపురాలూ కారులో దిగారు. వాళ్ళది నందిగాం దగ్గర ఊరు. జీడితోటలు ఉన్నాయి. ఎన్నికలప్పుడు మా వియ్యంకుడి అరుగు మీదకి రెండు పార్టీలవాళ్ళూ వస్తారు. అందుకని తన మాట మీద ఇంకో మాట ఉంటుందని ఆయనకి తోచదు.

"గడ్డ దానంతటదే పోతాదని డాట్రమ్మ సెప్పినాదా లేదా?"

"సెప్పినాది అన్నయ్యా, కానీ..."

"సెప్పినాది కదా. మరింకేటి."

"గడ్డ పోయినా సూపు రాదని కూడా సెప్పినాది."

"ఆళ్ళు మొదటి మాట నిజం సెప్తారు చెల్లెమ్మా. రెండో మాట మనల్ని తిప్పుకోడానికి సెప్తారు."

వియ్యపురాలు పిల్లని ఎత్తుకుని రెప్ప వంక చూస్తోంది. "ఎలకపిల్లంత గుంటకి గుండెమందేటి వదినా. దీని గుండెకేటయినాది" అంది. తర్వాత నా కూతురి వైపు తిరిగింది. "గ్రహణం నాడు ఏటి కోసినావే?"

"ఏటీ కోయలేదత్తా. పడుకునే ఉన్నాను."

"అలాగైతే పడుకుని కన్ను నలుపుకున్నావేమో."

నేను మళ్ళీ విశాఖపట్నం మాట ఎత్తాను. అప్పుడు వియ్యంకుడు లేచి కండువా దులుపుకుంటూ అన్నాడు. "మా బావని ఎన్ని ఆస్పత్రులు తిప్పినావు చెల్లెమ్మా. మిగిలినాడేటి?"

నా భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు. డయాలసిస్‌కి పలాస తిప్పీ తిప్పీ ఆ రోడ్డు మీద గోతులన్నీ నాకు గుర్తుండిపోయాయి. మా వైపు ఊళ్ళలో ఆ జబ్బు తొక్కని గడప లేదు, ఆ మాట ఏ ఇంట్లో అన్నా తగులుతుంది. తగులుతుందని తెలిసే అన్నాడు. తెల్లారి తల్లినీ పిల్లనీ తీసుకుపోయారు.

వాళ్ళ పెరట్లో జీడిపిక్కలు కాల్చి కొడతారు. పిక్క తొక్కలో ఒక నూనె ఉంటుంది. చర్మానికి తగిలితే కాలుతుంది. ఆ పని చేసే ఆడవాళ్ళ అరచేతులు నల్లగా పొరలు లేచి ఉంటాయి. ఆ నూనెతోనే మావాళ్ళు పులిపిర్లు పోగొట్టుకుంటారు. చీపురుపుల్ల కొనతో ఒక్క చుక్క అంటిస్తే పులిపిరి నల్లబడి రాలిపోతుంది. అది నిజమే, నా వేలిమీదది అలాగే పోయింది. మా వియ్యపురాలి చేతికి ఆ విద్య బాగా వచ్చని చుట్టుపక్కల పేరు. ఆవిడ కంటికి పిల్ల రెప్ప మీద ఉన్నది ఎర్రటి పులిపిరి.

నా కూతురు ఫోన్ చేసినప్పుడు ముందు మాటలు అర్థం కాలేదు. వెనక పిల్ల ఏడుపు వినిపిస్తోంది. మా వియ్యపురాలు నీళ్ళు పోయడానికని పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నా కూతుర్ని సాంబ్రాణికి నిప్పులు తెమ్మని లోపలికి పంపింది. నిప్పులు తెచ్చేసరికి అంటించడం అయిపోయింది.

నేను వెళ్ళేసరికి రెప్ప వంకాయలా వాచి ఉంది. పిల్ల ఏడ్చే ఓపిక లేక మూలుగుతోంది. టెక్కలి తీసుకెళ్దామన్నాను.

"కంట్లో చుక్క పడలేదు వదినా. నా సెయ్యి అలాటిది" అంది వియ్యపురాలు.

ఆ మాట నిజం. కంట్లో పడలేదు. ఆ చేతికి వణుకు లేదు. పక్కు కట్టాక కదిపితే పుండు ఎదురు తిరుగుతుందని పిల్లని గడప దాటనివ్వలేదు. పక్కు రాలింది, కింద పుండు పడింది, మందుల షాపువాడు ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాశారు. పుండు మానేసరికి గడ్డ మళ్ళీ అంతే ఉంది, ఇంకా పెద్దదే అయింది. ఇంకో చుక్క పెడతానంటే ఈసారి నా కూతురు పిల్లని గదిలో పెట్టుకుని గడియ వేసుకుందట. అప్పుడు మాత్రం ఊరుకున్నారు. ఆ గడ్డ కిందే కన్ను నెలల తరబడి మూసుకుని ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా విశాఖపట్నం అనేదాన్ని. వెళ్ళినప్పుడల్లా వాళ్ళు నాకు కాఫీ ఇచ్చి పంపేవారు.

ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. పెరగడం ఆగింది. ఎరుపు వెలిసి బూడిదరంగులోకి తిరిగింది. పిల్లకి మూడేళ్ళు దాటేసరికి రెప్ప సాపుగా అయిపోయింది. నూనె కాల్చిన చోట తెల్లటి మచ్చ ఒకటి మిగిలింది.

ఊరంతా వచ్చి చూశారు. "ఇసాపట్నం ఎందుకు, మందు నా పెరట్లోనే ఉన్నాది" అని మా వియ్యపురాలు నవ్వేది. కాల్చినందుకు తగ్గలేదు, కాల్చినా తగ్గింది అని నేనంటే వినేవాళ్ళు లేరు. గడ్డ ఉండేది, ఇప్పుడు లేదు. మధ్యలో నూనె ఉంది. జనానికి అంతకంటే ఏం కావాలి. హరిశ్చంద్రపురం నుంచి కూడా ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ఆ నూనె కోసం వచ్చారు.

నాకు అనుమానం తీరలేదు. మనవరాలితో ఆడుతూ ఆడుతూ ఎడమకన్ను మూస్తే నవ్వేది. కుడికన్ను మూస్తే నా చెయ్యి గిల్లేది. అది ఆట తెలియని పిల్ల అన్నారు ఆ ఇంట్లో.

ఐదో ఏట బడిలో కళ్ళు పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. కుడికంటితో బొమ్మలన్నీ చెప్పింది. ఎడమకంటితో ఒక్కటీ చెప్పలేదు. నా కూతురు పుట్టింటికని చెప్పి పిల్లని తీసుకొచ్చింది. మళ్ళీ టెక్కలి వెళ్ళాం. అదే డాక్టరమ్మ. ఆవిడకి మేం గుర్తులేము. రెప్ప మీద మచ్చ చూసి, "దీన్ని ఎవరు కాల్చారు?" అంది. నా కూతురు తలెత్తలేదు. నేనే చెప్పాను.

అన్నీ చూసి, "కన్ను లోపల అంతా బాగుంది" అంది.

నా కూతురి మొహం వెలిగింది. "అయితే పరవాలేదాండీ?"

"కన్ను బాగున్నా చూడదమ్మా. చూడటం దానికి అలవాటు కాలేదు. ఒక కంటితో పని జరిగిపోతోందని మెదడు రెండో కంటిని పక్కన పెట్టేసింది."

"ఇప్పుడు నేర్పించలేమా? నేను ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నానమ్మా" అన్నాను.

"అక్షరాలు మీకోసం ఎన్నాళ్ళయినా ఆగుతాయి. చూపు ఆగదు" అంది. కోపంగా అనలేదు. ఆ మాట విన్నాక నాకు ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

దారి మాత్రం చెప్పింది. కళ్ళద్దాలు పెట్టాలి. రోజూ కొన్ని గంటలు మంచికంటికి ప్లాస్టరు అంటించి మూసేయాలి. అప్పుడు గత్యంతరం లేక ఎడమకన్ను పని చేస్తుంది. ఆ కాసేపూ దగ్గర కూర్చుని సన్నటి వస్తువులు చూసే పనులు చేయించాలి. నెలలు పడుతుంది. పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేనంది. ఇప్పుడు మొదలుపెడితే కొంతయినా రావచ్చు, ఇంకా వదిలేస్తే ఆ కొంత కూడా రాదు అంది. ప్లాస్టర్ల డబ్బా కొనుక్కుని వచ్చాం.

నా కూతురు అత్తవారింట్లో ఒక్కపూట అంటించింది. మా వియ్యపురాలు అది చూసి పీకేసింది. "బాగున్న కన్ను మూసేస్తారేటి. రేపు ఊరోళ్ళు అడిగితే ఏటి సెప్పాలి?" అందట. అసలు సంగతి ఆ రెండో మాటలో ఉంది. పిల్ల కంటికి ప్లాస్టరు పడిందంటే నూనె పని చేయలేదని ఊరందరికీ చెప్పినట్టే. అల్లుడు తల్లి మాట దాటడు. డబ్బా బీరువా మీదకి ఎక్కింది. పిల్ల కళ్ళద్దాలు మాత్రం పెట్టుకుని తిరిగేది. ఆ అద్దాల్లో ఒకటి దండగ.

వేసవిలో నేను వాళ్ళింటికి వెళ్ళాను. జీడిపిక్కలు దిగే రోజులు. పెరడంతా పొగ. ఆ మధ్యాహ్నం భావనపాడు వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో పసిబిడ్డ, తెల్ల తువ్వాల్లో చుట్టి ఉంది, నిద్రపోతోంది. తువ్వాలు తొలగించి చూపించింది. రెప్ప మీద ఎర్రగా, అచ్చం అదే. మా వియ్యపురాలు చూసి, "ఓస్, ఇదేనా" అని చీపురుపుల్ల తెమ్మని నా కూతురికి చెప్పింది. నా కూతురు కదల్లేదు.

నేను మనవరాల్ని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. అద్దాలకి అడ్డంగా కుడికన్ను మీద నా అరచెయ్యి పెట్టాను.

"ఆ పిన్ని సేతిలో ఏటున్నాదో సెప్పు."

"తెల్దు."

"సూడమ్మా."

"సూత్తన్నాను అమ్మమ్మా. తెల్లగా ఉన్నాది. మూటేటి?"

పిల్లకి తను తప్పు చెప్పిందని తెలిసి నా చెయ్యి తోసేసి పారిపోయింది.

"గుంటకి నేర్పించి పెట్టినావా వదినా" అంది వియ్యపురాలు.

"నానేటి నేర్పిస్తాను. గడ్డ దాని టైముకి అది పోనాది. అది పోయేలోగా కన్ను పోనాది. నీ నూనెకి మంచి పేరొచ్చినాది." ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఇప్పుడే టెక్కలి బస్సెక్కు. దీనికి మందున్నాది, బేగి ఎల్లు" అన్నాను.

ఆ అమ్మాయి నా మొహం చూసింది, వియ్యపురాలి మొహం చూసింది. చివరికి వియ్యపురాలితోనే అంది. "అలాగైతే కొంచెం తక్కువ పెట్టండత్తా."

ఆరోజు మా వియ్యపురాలు నూనె పెట్టలేదు. ఈ వారం మంచిది కాదు, తర్వాత రమ్మంది. ఆ అమ్మాయి బిడ్డని భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. టెక్కలి వెళ్ళిందో, ఇంకో పెరడు వెతుక్కుందో నాకు తెలియదు.

కాసేపటికి వియ్యంకుడు వచ్చాడు. విన్నాడు. "ఇంక మా గడప తొక్కకు చెల్లెమ్మా" అన్నాడు. అప్పుడు కూడా చెల్లెమ్మా అనడం మానలేదు. కన్ను గురించి ఒక్క మాట అడగలేదు.

నేను చీరలు సర్దుకుంటుంటే నా కూతురు పిల్ల గౌన్లు తెచ్చి నా సంచిలో పెట్టింది. బీరువా మీద డబ్బా దించి అడుగున పెట్టింది. వసారాలోకి వెళ్ళి, "సెలవులకి గుంట అమ్మమ్మతో ఎల్తన్నాదత్తా" అంది. ఆ ఇంట్లో నా కూతురు అడగకుండా చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి. వియ్యపురాలు డబ్బా చూసింది.

"మీ ఊళ్ళో ఏటైనా సేసుకోండి. ఇక్కడికి తెచ్చేటప్పుడు మాత్రం పీకేసి తెండి" అంది.

నా కూతురు మాతో రాలేదు. ఆటో దాకా వచ్చి పిల్ల జడ సరిచేసి వెనక్కి వెళ్ళిపోయింది. దీపాలు పెట్టేవేళకి మా ఊరు చేరాం. పిల్ల దారంతా పాటలు పాడింది.

మరునాడు పొద్దున్న చద్దన్నం తినిపించి, మొహం కడిగి తుడిచి, కుడికంటికి ప్లాస్టరు అంటించాను. దాని మీద కళ్ళద్దాలు పెట్టాను. ఏడ్చింది. "నువ్వు మంచిదానివి కావు, నాయనమ్మే మంచిది, నాయనమ్మ ఇది అంటించదు" అంది. పీకబోతే రెండు చేతులూ పట్టుకున్నాను. ఏడుపు అలిసేదాకా పట్టుకునే ఉన్నాను. తర్వాత వాకిట్లో ఎండ పడేచోట కూర్చోబెట్టి, చేట నిండా ఎండు నెత్తళ్ళు, పుల్లల్లాంటి సన్నటి చేపలు, పోశాను. అందులో ఈనెముక్కలూ గడ్డిపరకలూ కలిసి ఉన్నాయి. నెత్తళ్ళు ఏరి గిన్నెలో వెయ్యమన్నాను. మొహం చేటకి ఆనించి తడుముకుంటూ ఏరింది. చేత్తో తడిమి తియ్యకూడదు, చూసి తియ్యాలి అన్నాను. గిన్నె నిండేసరికి పొద్దు బాగా ఎక్కింది. చూస్తే సగం ఈనెముక్కలే. గిన్నె తిరిగి చేటలో బోర్లించి, మళ్ళీ మొదటినుంచి ఏరమన్నాను.